మత్తులో ఉన్నప్పుడు ‘నేను’ ఎక్కడ?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈమధ్య వచ్చిన ఉత్తరాలలో అయిదింటిని ఒకచోట చేర్చి జవాబు రాస్తున్నాను. రాసినవారిలో ఒకరు ఆపరేషన్ నుంచి కోలుకుంటున్న గృహిణి, ఒకరు విశ్రాంత ఉపాధ్యాయుడు, ఒకరు విద్యార్థి. ఎవరి దారిన వారు అడిగినా ప్రశ్నలన్నీ చివరికి ఒక్క చిక్కు దగ్గరికే చేరాయి: ఒక మనిషిలో స్పృహ లేదని మనకు ఎలా తెలుస్తుంది?

*

ప్రశ్న: గత నెలలో నాకు పిత్తాశయంలో రాళ్ళు తీసే ఆపరేషన్ జరిగింది. మత్తు డాక్టరుగారు ఇరవై నుంచి వెనక్కి లెక్కపెట్టమన్నారు. పదిహేడు అనడం గుర్తుంది. ఆ వెంటనే నర్సు పేరు పెట్టి పిలవడం గుర్తుంది. మధ్యలో రెండు గంటలు గడిచాయంటే నమ్మలేకపోయాను. రాత్రి నిద్రపోయి లేస్తే ఎంతోకొంత సేపు గడిచినట్టైనా తోస్తుంది, ఇక్కడ అదీ లేదు. ఆ రెండు గంటలూ నేను ఎక్కడ ఉన్నట్టు? – ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: ముందు మాట సంగతి చూద్దాం, ఎందుకంటే ఈ విషయంలో సగం చిక్కు మాటల దగ్గరే మొదలవుతుంది. సంస్కృతంలో స్పృహ అంటే కోరిక. తెలుగులోకి వచ్చాక దాని అర్థం పూర్తిగా మారిపోయి, ఆస్పత్రిలో వాడే మాట అయింది. మన ఇళ్ళల్లో ‘తెలివి తప్పింది’, ‘తెలివొచ్చింది’ అంటారు. తెలంగాణలో ‘సోయి లేదు’ అంటారు. ఈ మాటలన్నీ కనీసం నాలుగు వేర్వేరు సంగతులను కలిపి చెబుతాయి: మెలకువగా ఉండడం, పిలిస్తే పలకడం, లోపల ఏదో ఒక అనుభవం జరుగుతూ ఉండడం, జరిగినది తరువాత గుర్తుండడం. మామూలు రోజుల్లో ఈ నాలుగూ కలిసే నడుస్తాయి కనుక తేడా కనిపించదు. మత్తుమందు వాటిని విడగొడుతుంది.

మీకు ఇచ్చినది ఒకే మందు అయి ఉండదు. నిద్ర పుచ్చడానికి ఒకటి, నొప్పి తెలియకుండా ఒకటి, కండరాలు సడలడానికి మరొకటి ఇవ్వడం ఇప్పుడు సాధారణ పద్ధతి. కండరాలు సడలిపోయిన మనిషి లోపల మేలుకొని ఉన్నా వేలైనా కదపలేడు. ఈ అనుమానాన్ని తీర్చుకోవడానికి 1977లో టన్‌స్టాల్ అనే వైద్యుడు ఒక తేలికైన ఉపాయం కనిపెట్టాడు. సడలింపు మందు ఎక్కించే ముందు ఒక చేతికి, బీపీ చూసేటప్పుడు చుట్టే పట్టీ లాంటిదాన్ని బిగిస్తారు. మందు ఆ ముంజేతిలోకి చేరదు కనుక ఆ చెయ్యి మాత్రం కదలగలుగుతుంది. ఆ తరువాత రోగి చెవి దగ్గర ‘నా మాట వినిపిస్తే నా చెయ్యి నొక్కండి’ అని చెబుతారు. 2017లో ప్రచురితమైన ఒక అంతర్జాతీయ పరిశోధనలో ఇలా పరీక్షించిన 260 మందిలో 12 మంది, అంటే నూటికి దాదాపు 5 మంది, శ్వాస గొట్టం వేసిన తరువాత చెయ్యి నొక్కారు. దీన్ని మరో అంకె పక్కన పెట్టి చూడాలి: బ్రిటన్, ఐర్లండ్ దేశాలలో జరిగిన పెద్ద పరిశీలన ప్రకారం, ఆపరేషన్ మధ్యలో తెలివి వచ్చిందని రోగులు తమంతట తాము చెప్పినది సుమారు 19,000 మత్తులలో ఒక్కసారి. పిలుపుకు పలకడానికీ, పలికిన సంగతి గుర్తుండడానికీ మధ్య అంత దూరం ఉంది.

ఇది చదివి మీరు కంగారుపడవద్దు. మీ విషయంలో అలా జరిగిందని నేను అనడం లేదు, మీరు చెప్పిన తీరునుబట్టి మీ మత్తు చక్కగానే పనిచేసింది. నా మనవి ఒక్కటే: ‘నాకేమీ గుర్తు లేదు’ అనేది ‘నాలో ఏమీ జరగలేదు’ అనడానికి సాక్ష్యం కాదు. కెటమిన్ అనే మందు ఇచ్చినప్పుడు ఇది మరీ స్పష్టంగా కనిపిస్తుంది. తగినంత మోతాదులో ఇస్తే రోగి పిలుపుకు పలకడు, సూదికి కదలడు. తేరుకున్నాక మాత్రం రంగురంగుల కలలు కన్నానని చెబుతాడు.

మీ ప్రశ్నకు సూటి సమాధానానికి వస్తే, ప్రొపోఫాల్ వంటి నిద్ర పుచ్చే మందు మెదడును ఆర్పివేయదు. నాడీకణాల మీద, గాబా అనే శాంతింపజేసే రసాయనం అతుక్కునే గ్రాహకాలను పట్టుకుని వాటి సద్దును తగ్గిస్తుంది. కణాలు ఎక్కడికక్కడ పనిచేస్తూనే ఉంటాయి కానీ ఒక ప్రాంతం మాట మరొక ప్రాంతానికి చేరడం ఆగిపోతుంది. ఇటలీకి చెందిన మాసిమినీ అనే పరిశోధకుడి బృందం పుర్రె మీద ఉంచిన అయస్కాంత తీగచుట్టతో మెదడును ఒక్కసారి తట్టి, ఆ అల ఎంత దూరం, ఎన్ని తీరులుగా పాకుతుందో కొలిచింది. మేలుకొన్నవారిలో ఆ అల మెదడంతటా రకరకాలుగా తిరుగుతుంది. గాఢనిద్రలోనూ ప్రొపోఫాల్ మత్తులోనూ తట్టిన చోటనే పుట్టి అక్కడే ఆగిపోతుంది. కెటమిన్ ఇచ్చినవారిలో మాత్రం, వారు శవంలా పడి ఉన్నా, అల మేలుకొన్నవారిలో లాగానే పాకుతుంది. ఆ రెండు గంటలూ మీరు ఎక్కడికీ పోలేదు. ‘మీరు’ అని చెప్పుకోవడానికి కావలసిన ఆ రాకపోకలు ఆగిపోయాయి, అంతే. కాలం గడిచినట్టు తోచకపోవడానికి ప్రధాన కారణం కూడా అదే అయి ఉండాలి. మామూలు నిద్ర రాత్రంతా ఒకే లోతులో ఉండదు. మనం పక్కకు ఒత్తిగిలుతాం, కలలు కంటాం, ఒక్కొక్క క్షణం మేలుకుని మరిచిపోతాం. మత్తులో అటువంటి మైలురాళ్ళు ఉండవు.

మత్తు గురించి రాశారు కనుక ఒక ముచ్చట. మత్తుమందు చరిత్రలో హైదరాబాదు పేరు శాశ్వతంగా నిలిచి ఉంది. అప్పటి మత్తుమందు క్లోరోఫాం వల్ల సంభవించే మరణాలకు గుండె ఆగడం కారణమా, శ్వాస ఆగడం కారణమా అని తేల్చడానికి 1888లోనూ 1889లోనూ ఎడ్వర్డ్ లారీ అనే వైద్యుడి ఆధ్వర్యంలో నిజాం ప్రభుత్వ ఖర్చుతో రెండు కమిషన్లు అక్కడ పనిచేశాయి. ప్రపంచంలో తొలి మహిళా మత్తువైద్యురాలిగా చెప్పుకొనే రూపాబాయి ఫర్దూన్‌జీ కూడా ఆ ఊరిలోనే క్లోరోఫాం ఇచ్చారు. శ్వాసే కారణమని లారీ గట్టిగా వాదించాడు. క్లోరోఫాం గుండె లయను నేరుగా చెడగొట్టగలదని 1911లో లెవీ అనే వైద్యుడు చూపించాడు. రోగి ఎలా చనిపోతున్నాడన్నదే ఆ రోజుల్లో ప్రశ్న. రోగి ‘లేకుండా’ ఎలా పోతున్నాడని అడగడానికి మరో వందేళ్ళు పట్టింది.

*

ప్రశ్న: మాండూక్యోపనిషత్తు జాగ్రత్ (మెలకువ), స్వప్న (కల), సుషుప్తి (గాఢనిద్ర), తురీయం (ఆ మూడింటికీ అతీతమైనది) అని నాలుగు స్థితులను ఏనాడో చెప్పింది. ఇప్పుడు మెదడు యంత్రాలతో శాస్త్రజ్ఞులు కనుక్కుంటున్నది మన ఋషులు చెప్పినదే కదా? – విశ్రాంత ఉపాధ్యాయుడు, జనగామ

జవాబు: మాస్టారూ, మీ మాటను గౌరవిస్తూనే విభేదిస్తున్నాను. ‘మనవాళ్ళు ఎప్పుడో చెప్పారు’ అనడంలో మన పూర్వులకు ఒక అన్యాయం జరుగుతుంది; వారంతా ఒకే మాట చెప్పినట్టు అవుతుంది. నిజానికి గాఢనిద్రలో ఎరుక ఉంటుందా లేదా అన్న ప్రశ్న మీద ఈ దేశంలో జరిగినంత సుదీర్ఘమైన, సూక్ష్మమైన వాదం మరెక్కడా జరిగినట్టు నాకు కనిపించదు. ఆ వాదంలో మొదటి అభ్యంతరం ఛాందోగ్యోపనిషత్తులోనే ఉంది. గాఢనిద్రలో ఉన్నవాడే ఆత్మ అని ప్రజాపతి చెప్పినప్పుడు, సంతోషంగా బయలుదేరిన ఇంద్రుడు దారిలో ఆగిపోతాడు: ఆ స్థితిలో ‘ఇది నేను’ అని తనను తానే ఎరగడు, నాశనమైపోయినవాడితో సమానం, ఇందులో నాకు మేలేమీ కనిపించడం లేదని వెనక్కి వస్తాడు. మీరడిగే నాలుగు స్థితుల కంటే ఆ వెనుదిరగడమే నాకు ఎక్కువ శాస్త్రీయంగా కనిపిస్తుంది.

తరువాత వచ్చిన అద్వైతులలో ప్రబలమైన వాదం ఇది. లేచినవాడు ‘సుఖంగా నిద్రపోయాను, ఏమీ తెలియలేదు’ అంటాడు. అది జ్ఞాపకం. అనుభవం లేనిదే జ్ఞాపకం ఉండదు. కాబట్టి ఏమీ తెలియకపోవడాన్ని చూస్తున్న సాక్షి ఒకటి నిద్రలోనూ ఉండి తీరాలి. న్యాయదర్శనం అనే తర్కసంప్రదాయం వారు, అంటే నైయాయికులు, దీనిని ఒప్పుకోలేదు. వారి లెక్కలో జ్ఞానం ఆత్మకు గుణమే కానీ స్వభావం కాదు. మనస్సుతో తగిన సంబంధం ఏర్పడినప్పుడే అది పుడుతుంది. గాఢనిద్రలో మనస్సు పురీతత్ అనే నాడిలోకి వెళ్ళిపోతుంది కనుక జ్ఞానమే పుట్టదు. మరి ‘సుఖంగా నిద్రపోయాను’ అనే మాట? అది జ్ఞాపకం కాదు, తర్కంలో చెప్పే అనుమానం, అంటే ఆధారాలనుబట్టి చేసే ఊహ. ఒళ్ళు తేలికపడింది, తెల్లవారిపోయింది, మధ్యలో ఏదీ గుర్తు లేదు. వీటినిబట్టి లేచినవాడు ఊహించి చెబుతున్నాడు. ‘ఊహించడానికైనా ఆధారం ముందు తెలిసి ఉండాలి కదా’ అని అద్వైతి తిరిగి అడుగుతాడు. పతంజలి ఈ ఇద్దరికీ పక్కగా నిలిచి, అభావాన్ని ఆలంబనగా చేసుకున్న చిత్తవృత్తే నిద్ర అంటాడు. అంటే నిద్ర కూడా మనసు చేసే ఒక పనే. చార్వాకులు అసలు మొదలే వేరుగా పెట్టారు: పులియబెట్టే దినుసులలో విడివిడిగా లేని మత్తు అవి కలిసినప్పుడు పుట్టినట్టే, నేల, నీరు, నిప్పు, గాలి అనే భూతాలు దేహంగా కూడినప్పుడు చైతన్యం పుడుతుందన్నారు. స్పృహకు ఉపమానంగా వారు మత్తునే ఎంచుకోవడం చూస్తే ఏలూరు పాఠకురాలు నవ్వుకుంటారేమో. ఇక మన తెలుగునాట అచల సంప్రదాయం వారు ఎరుకను పరమార్థంగా ఒప్పుకోకుండా, ఆ ఎరుకే పొరపాటని, కదలని బయలే నిజమని తత్త్వాలు పాడుకున్నారు. ఇంత భిన్నంగా మాట్లాడిన మనుషులందరినీ ‘ఋషులు’ అనే ఒక్క మాట కింద కట్టివేయకూడదు.

ఇప్పటి నిద్ర పరిశోధన ఈ వాదాన్ని తేల్చలేదు కానీ ఒక చోట పదును పెట్టింది. కళ్ళు వేగంగా కదిలే దశలోనే కలలు వస్తాయని చాలాకాలం నమ్మారు. మిగతా దశలలో ఉన్నవారిని రాత్రి మాటిమాటికీ లేపి ‘ఇప్పుడు మనసులో ఏముంది’ అని అడిగితే మూడు రకాల జవాబులు వస్తున్నాయి: ఫలానా కల వచ్చింది, ఏమీ లేదు, ఏదో ఉంది కానీ ఏమిటో చెప్పలేను. ఈ మూడో జవాబు నైయాయికుడికీ అద్వైతికీ ఇద్దరికీ ఇబ్బందికరమే. దానికి ‘అనుభవం ఉంది, విషయం మరిచిపోయాడు’ అని ఒకరు, ‘విషయం లేని అనుభవమే అది’ అని మరొకరు అర్థం చెబుతారు. ‘ఒళ్ళు తెలియని నిద్ర’ అని మనం రోజూ వాడే మాటలో తెలియనిది ఒళ్ళా, నిద్రా, తెలుసుకునేవాడా అన్నది ఇంకా తేలవలసే ఉంది.

*

ప్రశ్న: మెదడులో స్పృహ ఏ భాగంలో ఉంటుంది? దీన్ని ఎప్పటికి కనుక్కోగలరు? – డిగ్రీ విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: ఎక్కడ లేదో చెప్పడం తేలిక. మెదడులోని దాదాపు 8,600 కోట్ల నాడీకణాలలో సుమారు 6,900 కోట్లు వెనుక అడుగున ఉన్న చిన్నమెదడులోనే ఉన్నాయి. అది దెబ్బతింటే నడక తూలుతుంది, మాట ముద్దగా అవుతుంది కానీ స్పృహ పోదు. కాబట్టి కణాల సంఖ్య కాదు, వాటి మధ్య అల్లిక ముఖ్యం. ఎటువంటి అల్లిక అన్న దగ్గర రెండు పక్షాలు ఏర్పడ్డాయి. బార్స్ ప్రతిపాదించి, దెహాన్ పెంచిన సిద్ధాంతం ప్రకారం ఒక సమాచారం మెదడంతటికీ ఒకేసారి చాటింపు వేసినట్టు అందితే అదే స్పృహ. ఇందులో ముందుభాగానిది పెద్ద పాత్ర. టొనోనీ సిద్ధాంతం ప్రకారం సమాచారం విడదీయరాని విధంగా ఒక్కటిగా కూడి ఉండడమే స్పృహ; దాని నెలవు ఎక్కువగా వెనుకభాగం.

1998లో బ్రెమెన్ నగరంలో క్రిస్టాఫ్ కాక్ అనే నాడీశాస్త్రజ్ఞుడు తత్త్వవేత్త డేవిడ్ చామర్స్‌తో పందెం కాశాడు: 25 ఏళ్ళలో స్పృహకు మెదడులోని గుర్తు స్పష్టంగా దొరుకుతుందని. 2023 జూన్‌లో న్యూయార్క్ సభలో ఓటమి ఒప్పుకుని వైన్ సీసాలు ఇచ్చుకున్నాడు, ఇచ్చుకుని మరో 25 ఏళ్ళకు పందెం కాశాడు. ఆ రెండు సిద్ధాంతాల వారూ కలిసి, ముందే తమతమ జోస్యాలు రాసి పెట్టుకుని, 256 మంది మీద చేసిన ప్రయోగాల ఫలితం 2025లో అచ్చయింది. వెనుకభాగంలో ఉండి తీరాలన్న దీర్ఘమైన సమన్వయం కనిపించలేదు. చిత్రం కనుమరుగైనప్పుడు ముందుభాగంలో రావలసిన మెరుపూ కనిపించలేదు. రెండు పక్షాలకూ సగంసగం చుక్కెదురు. అంతకుముందే 124 మంది పరిశోధకులు టొనోనీ సిద్ధాంతాన్ని కుహనాశాస్త్రమని బహిరంగలేఖ రాయడంతో రగడ ఇంకా ముదిరింది. ఆ లేఖ తొందరపాటని నా అభిప్రాయం. తప్పుతుందేమోనన్న జోస్యాన్ని ముందే రాసిచ్చిన సిద్ధాంతాన్ని అలా అనడం సబబు కాదు.

‘ఎప్పటికి’ అని అడిగారు. 1990ల మధ్యలో చామర్స్ ‘కఠిన సమస్య’ అని పేరు పెట్టినది వేరొకటి ఉంది. గుంటూరు మిరపకాయ కొరికారనుకోండి. కాప్సైసిన్ అనే పదార్థం నాలుక మీది టీఆర్‌పీవీ1 గ్రాహకాన్ని తెరుస్తుంది. 1997లో దానిని గుర్తించిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. వేడి నీళ్ళు తగిలినా తెరుచుకునేది అదే తలుపు కనుక కారం ‘మండుతుంది’. ఇక్కడి నుంచి మెదడు దాకా ప్రతి మెట్టూ తెలిసిందనుకుందాం. అయినా ఆ మెట్ల చివర మంట అనే అనుభవం ఎందుకు ఉండాలి? కళ్ళ నీళ్ళు పెట్టించి, మంచినీళ్ళ చెంబు వైపు చెయ్యి చాపించడానికి అనుభవం లేకుండానే సరిపోదా? డానియల్ డెనెట్ వంటి తత్త్వవేత్తలు ఆ మెట్లన్నీ వివరిస్తే మిగిలేదేమీ లేదని, మిగిలినట్టు అనిపించడాన్ని కూడా వివరించవచ్చని జీవితాంతం వాదించారు. నేను ఆ వాదాన్ని పూర్తిగా మింగలేకపోతున్నాను. కొరికింది నేను కదా.

*

ప్రశ్న: కంప్యూటరు ‘నాకు బాధగా ఉంది’ అని రాస్తే నమ్మాలా? – హైదరాబాదు

జవాబు: ఆ ఒక్క మాటనుబట్టి నమ్మనక్కరలేదు. మనుషులు రాసిన కోట్ల వాక్యాలు చదివి నేర్చిన యంత్రం మనిషి అన్నట్టే అంటుంది. మనిషి విషయంలోనైనా మాట, అనుభవం ఒకటి కావు. డి.బి. అన్న పొడి అక్షరాలతో ప్రసిద్ధుడైన ఒక రోగికి మెదడు వెనుక భాగంలో కొంత తీసివేయగా చూపులో సగం పోయింది. ఆ సగంలో తనకు ఏమీ కనిపించడం లేదన్నాడు. 1970లలో వైస్‌క్రాంజ్ అనే మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు ‘ఊహించి చూపించండి’ అని బలవంతపెడితే వస్తువు ఉన్న చోటికి సరిగ్గా వేలు చాపాడు. అతనిలో సరైన పని ఉంది, అనుభవం లేదు. యంత్రానిది అదే స్థితి కాదని చెప్పే పరీక్ష ఇంకా ఎవరి దగ్గరా లేదు.

*

ప్రశ్న: మా అన్నయ్యకు రోడ్డు ప్రమాదంలో తలకు దెబ్బ తగిలి అయిదు నెలలైంది. కళ్ళు తెరుస్తాడు, మూస్తాడు, పిలిస్తే పలకడు. ‘ఇక తెలివి లేదు, పెట్టుకోకండి ఆశ’ అని ఒక పెద్ద ఆస్పత్రిలో రెండు నిమిషాల్లో చెప్పి పంపేశారు. మా వదిన మాత్రం తాను గదిలోకి వస్తే అన్నయ్య చూస్తాడని అంటుంది. ఎవరి మాట నమ్మాలి? – ఖమ్మం

జవాబు: రెండు నిమిషాల్లో చెప్పిన మాటను మాత్రం తుదిమాటగా తీసుకోకండి. 2009లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, వైద్యబృందం అంతా ఏకాభిప్రాయంతో ‘ఎరుక లేదు’ అని నిర్ణయించిన 44 మందిని ఒక క్రమబద్ధమైన పరీక్షతో మళ్ళీ చూస్తే, 18 మందిలో కొద్దిపాటి స్పృహ ఉన్న ఆనవాళ్ళు కనిపించాయి. అవి తప్పిపోవడానికి కారణం నిర్లక్ష్యమే కానక్కరలేదు. ఇటువంటి రోగులలో ఎరుక ఉదయం ఉండి మధ్యాహ్నానికి కొడిగట్టవచ్చు. చూసిన క్షణాన అది లేకపోవచ్చు. అందుకే ఆ పరీక్షను కొద్దిరోజుల వ్యవధిలో కనీసం అయిదుసార్లు చెయ్యాలని తరువాతి పరిశోధకులు సూచించారు.

బయటికి ఏ ఆనవాలూ లేనివారి సంగతి ఇంకా వింతైనది. 2006లో ఏడ్రియన్ ఓవెన్ బృందం, ప్రమాదంలో గాయపడి అయిదు నెలలుగా స్పందన లేకుండా ఉన్న 23 ఏళ్ళ యువతిని స్కానింగు యంత్రంలో ఉంచి ‘టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించుకో’, ‘మీ ఇంట్లో గదిగదీ తిరుగుతున్నట్టు ఊహించుకో’ అని చెప్పింది. మొదటిదానికి కదలికలను సిద్ధం చేసే ప్రాంతం, రెండోదానికి దారులను గుర్తుపట్టే ప్రాంతం, ఆరోగ్యవంతులలో లాగానే వెలిగాయి. 2024లో పలు దేశాల ఆస్పత్రుల నుంచి వచ్చిన ఫలితాల ప్రకారం, చెప్పిన పనిని పైకి ఏమాత్రం చేయలేని 241 మందిలో 60 మంది, అంటే నలుగురిలో ఒకరు, ఆ పనిని మెదడులో చేశారు. మిగతా ముగ్గురిలో స్పృహ లేదని దీని అర్థం కాదు. ఊహించడానికి వినికిడి, భాష, ఓపిక అన్నీ ఉండాలి, తలకు దెబ్బ తగిలినవారిలో ఇవి విడివిడిగా పోతాయి. అలాగే మీ అన్నయ్య ఆ నలుగురిలో ఒకరని కూడా నేను చెప్పలేను. స్పృహ ఉందని తేలడం, కోలుకుంటారని తేలడం ఒకటి కాదన్నది కూడా మీ ఇంట్లో అందరూ ముందే మాట్లాడుకోవడం మంచిది.

మీ వదినగారి మాటను తేలిగ్గా తీసుకోవద్దు, పరీక్షించి చూడండి. గదిలో టీవీ ఆపి, జనాన్ని పంపేసి, నొప్పికీ మూర్ఛకూ ఇచ్చే మందుల మగత తక్కువగా ఉండే వేళ ఎంచుకోండి. అన్నయ్య ముఖానికి ఎదురుగా అరచేతి వెడల్పు కంటే పెద్ద అద్దం పట్టుకుని, ఆయన ముఖం ఆయనకే కనిపించేలా, మెల్లగా కుడికీ ఎడమకూ జరపండి. కదిలే చూపును పట్టుకోవడానికి వేలు, టార్చిలైటు కంటే అద్దం మెరుగని పరిశోధనలలో తేలింది. చాలామంది మొదట అనుసరించేది తమ ముఖాన్నే. కళ్ళు అద్దంతో పాటు జరిగాయా, ఎన్నిసార్లలో ఎన్నిసార్లు, ఏ తేదీన ఏ వేళకు అన్నది ఒక నోటుపుస్తకంలో రాయండి; జరగని రోజులను కూడా రాయండి, లేకపోతే ఆశ మీ చేత తప్పు లెక్క వేయిస్తుంది. వదినగారితో పాటు, ఆమె అభిప్రాయం తెలియని మరొకరు కూడా విడిగా చూసి రాస్తే మరీ మంచిది. రెండు వారాల తరువాత ఆ పుస్తకం, వీలైతే ఫోనులో తీసిన వీడియో, ఒక నాడీవైద్యుడి ముందు పెట్టి, ‘కోమా రికవరీ స్కేల్’ అనే పరీక్షను (పైన చెప్పిన క్రమబద్ధమైన పరీక్ష ఇదే) పలుమార్లు చెయ్యమని పేరు పెట్టి అడగండి.